భూలి పాట మొత్తం కావాలి

మిర్యాలగూడ,
12-1-1992

బావకు,

మంచీచెడ్డలు చివర్లో అడుగుతాను. ముందు నిన్ను తిట్టాలి.

పద్నాలుగు పాటల పేర్లు వరుస నంబర్లు వేసి మరీ రాసి, ఖాళీ క్యాసెట్ ఇచ్చి పంపాను కదా. మొన్న కోదాడ బస్సు కండక్టర్ చేతికి నువ్విచ్చిన క్యాసెట్ అందింది. నాతో రూములో ఉండే ఉప్పలయ్య టేప్ రికార్డర్ హెడ్డును స్పిరిట్ తో తుడిచి, చెయ్యి కడుక్కొని వచ్చి పెట్టాడు. మొదటి వైపు ఆఖరి పాటలో రెండో చరణం మొదలైందో లేదో, టక్కున ఆగిపోయింది. టేపు ఖతం! రెండో వైపు ఇంకా ఘోరం. ఆ వాన పాటలో పల్లవి అయ్యాక ఫ్లూటు ఒక్కటే వస్తుంది చూడు, దానికోసమే నేను ఆ పాట వింటాను. సరిగ్గా అక్కడ నీ గొంతు: "ధర్మా రికార్డింగ్ సెంటర్, బస్టాండు ఎదురుగా, కోదాడ." మా అక్క కాపురం చేసే ఇంటి అడ్రసు నాకు తెలియదా బావా?

పాటకు పల్లవి అందరిదీ. మొదటి చరణం సినిమా చూసినవాళ్ళది. రెండో చరణం మాత్రం పాట మీద నిజంగా ప్రేమున్నవాళ్ళది. రేడియోవాళ్ళు దాన్ని మింగేస్తారు, హోటళ్ళలో క్యాసెట్ మార్చేస్తారు, నువ్వు టేపు అయిపోయిందంటావు. పాటను సగంలో ఆపేవాళ్ళను చూస్తే నాకు చెంపదెబ్బ కొట్టాలనిపిస్తుంది. పెద్దవాడివి కాబట్టి బతికిపోయావు.

వచ్చే రెండు నెలల్లో నాలుగు సినిమాల పాటలు విడుదలవుతాయని ఇక్కడి క్యాసెట్ల దుకాణంలో బోర్డు పెట్టారు. ఒక ఒగ్గు కథ రెండు క్యాసెట్ల సెట్టుగా వస్తుందని ఉప్పలయ్య రోజూ పోయి అడిగొస్తున్నాడు. వాళ్ళ గొల్లలకు అది పండగే మరి. నేను మాత్రం ఒక్కదానికోసమే చూస్తున్నాను. మన తండా పాటల క్యాసెట్. మా యాడి పాడిన క్యాసెట్! అందులో పాడిన భూలి మా అమ్మ అని మా బియ్యం మిల్లులో హమాలీల నుంచి గుమస్తాల దాకా అందరికీ చెప్పేశాను. ఉగాదికి విడుదల అన్నావు, మాట తప్పకు.

ఇంకొక మాట. అందులో ఏడుపు పాట తప్పకుండా ఉండాలి. ఉప్పలయ్యకు చెప్పాను, "మా ఆడోళ్ళు శాన రోజులకు కలిసిన మనిషి మెడ సుట్టు చేతులేసి, పేరు పెట్టి పిలిసి, మనసులున్నదంత రాగం తీసి ఏడుస్తరు. దాన్ని మించిన పాట ఏ సినిమాల లేదు" అని. మా యాడి లాగా పాడేవాళ్ళు ఆ చుట్టుపక్కల తండాల్లోనే లేరు. ఆ పాట మొత్తం కావాలి నాకు.

మీరంతా బాగున్నారని తలుస్తాను. అక్కకు చెప్పు.

నీ బామ్మర్ది,
లచ్చిరాం


కోదాడ,
25-1-1992

పాటల పిచ్చి బామ్మర్దికి,

పద్నాలుగు పాటలు గంట టేపులో పట్టాలంటే పాడేవాళ్ళు పరుగెత్తుకుంటూ పాడాలయ్యా. నీ జాబితాలో ఏ పాటా ఐదు నిమిషాలకు తక్కువ లేదు. లెక్క నీకు రాదు, తిట్లు నాకా? నా గొంతు సంగతంటావా, అది లేకపోతే పక్క దుకాణంవాడు నా క్యాసెట్ నుంచే కాపీలు తీసి అమ్ముకుంటాడు. ఫ్లూటు మీద పడ్డందుకు మాత్రం తప్పు నాదే.

రికార్డింగు ఎట్లా జరిగిందో అడగనే లేదు నువ్వు. చెప్తాను విను. సూర్యాపేటలో మైకుసెట్లు కిరాయికిచ్చే శంకరయ్య, దుకాణం వెనకాల గదిలో గోడలకు బొంతలు కట్టి స్టూడియో అంటున్నాడు. అందులో మీ యాడిని, ఇంకో నలుగురు ఆడవాళ్ళను కూర్చోబెట్టాము. చేతినిండా గాజులు గలగలమంటున్నాయి, తియ్యమంటే ఒక్కరూ ఒప్పుకోలేదు. సరే, తాళం అనుకోండి అన్నాను. తీజ్ పండగ పాటలు, నాట్ల పాటలు, పెళ్ళి పాటలు ఒక్క పొద్దులో అయిపోయాయి.

ఏడుపు పాట దగ్గర వచ్చింది చిక్కు. మీ యాడి మైకును కిందికీ పైకీ చూసి, "ఎవల మెడ పట్టుకోని ఏడువాలె? గీ ఇనుప ముద్ద మెడనా?" అంది. మనిషి లేకుండా ఆ పాట రాదట. చివరికి మిగతా ఆడవాళ్ళు టీకి బయటికి పోయాక మీ అక్క తారాను ఎదురుగా కూర్చోబెడితే, మెడ పట్టుకొని మొదలుపెట్టింది. పద్నాలుగు నిమిషాలు. శంకరయ్యకు మన తండా భాష ఒక్క ముక్క రాదు, అయినా అయిపోయాక చాలాసేపు మీట నొక్కడం మర్చిపోయి అట్లాగే కూర్చున్నాడు.

ఆ పాట క్యాసెట్లో పెట్టే సంగతి ఇంకా ఆలోచిస్తున్నాము. పొడుగు ఎక్కువైంది.

నువ్వు తండాకు ఎప్పుడు పోతున్నావు? మీ యాడి అడగలేదు. తారా అడగమంది.

ధర్మా


మిర్యాలగూడ,
9-2-1992

బావకు,

పొడుగు ఎక్కువైందా! ఈ మాట చదివి ఆ రోజు నాకు అన్నం సయించలేదు. ఒగ్గు కథ రెండు గంటలు సాగుతుంది, ఉప్పలయ్య కదలకుండా వింటాడు. సినిమా పాటలో హీరో హీరోయిన్లు నాలుగు చీరలు మార్చేదాకా సాగదీస్తే ఎవరూ పొడుగు అనరు. మా యాడి పద్నాలుగు నిమిషాలు ఏడిస్తే నీకు పొడుగైంది.

నీ మనసులో సంగతి నాకు అర్థమైంది. మన మాట కోదాడ బజారులో అమ్ముడుపోదని నీ భయం. ఆ చోట సినిమా బాణీలో నాలుగు తెలుగు పాటలు ఇరికిస్తావు, పైన మాత్రం తండా పాటలని అచ్చేస్తావు. బస్టాండు ముందర దుకాణం పెట్టిన తర్వాత తండా అంటే సిగ్గవుతున్నట్టుంది నీకు.

ఆ పాటలో ఏముంటుందో నాకు తెలియదా? పుట్టినప్పటినుంచి వింటున్నాను. ముక్కలు చేసి, నీకు నచ్చిన నాలుగు మాటలు ఉంచి పెట్టాలని చూడకు. సగం పాట పెట్టేదానికన్నా అసలు పెట్టకపోవడమే నయం. ఇది నా ఆఖరి మాట.

తండాకు పోవడానికి సెలవు దొరకడం లేదు. మిల్లుకు వడ్ల లారీలు వరుసగా వస్తున్నాయి. తూకం దగ్గర నేనొక్కడినే.

బోర్డు మీద నాలుగు సినిమాల్లో మూడు వాయిదా పడ్డాయి. ఈ దేశంలో ఏ పాటా చెప్పిన రోజుకు రాదు.

లచ్చిరాం


కోదాడ,
20-3-1992

లచ్చిరాంకు,

నీ ఉత్తరం తారాకు రెండుసార్లు చదివి వినిపించాను. ఆమె ఉత్తరం మడిచి లోపల పెట్టింది. తర్వాత, "తమ్మునికి సంగతి తెలిసే రాసిండు. ఆడు చెప్పినట్టే చెయ్యి" అంది.

అందుకని నువ్వు రాసినట్టే చేశాను. మనసులో పెట్టుకోకు. ఇది మన ముగ్గురి మధ్యే ఉంటుంది, శంకరయ్యకు ఎట్లాగూ అర్థం కాలేదు. క్యాసెట్ ఉగాదికి వస్తుంది. నీకు రెండు కాపీలు కండక్టర్ చేతికిచ్చి పంపుతాను.

ధర్మా


మిర్యాలగూడ,
14-4-1992

ధర్మాకు,

ఇక నిన్ను బావ అని పిలవబుద్ధి కావడం లేదు.

పండగ ముందురోజే క్యాసెట్ అందింది. అట్ట మీద యాడి పేరు చూసుకొని పొంగిపోయాను. మన ముగ్గురి మధ్య అని ఏదో రాశావు, నాకేమీ అర్థం కాలేదు గానీ, మొత్తం పాట పెట్టావనే అనుకున్నాను. పండగ వెళ్ళిన మరునాడు మధ్యాహ్నం అన్నాల వేళ మిల్లు రేకుల షెడ్డు కింద టేప్ రికార్డర్ పెట్టాను. హమాలీలు, డ్రైవర్లు, ఆఫీసువాళ్ళు కలిసి ముప్పైమంది దాకా కూర్చున్నారు. సూపర్ వైజర్ కూడా కుర్చీ వేయించుకున్నాడు. తీజ్ పాటలకు ఉప్పలయ్య చప్పట్లు కొట్టాడు. నాట్ల పాట మళ్ళీ పెట్టమన్నారు. నేను గొప్పగా లేచి నిలబడి, "ఆగుండ్రి, అసలుది ఆఖర్న ఉంది" అన్నాను.

ఆఖర్న ఏముంది? చుయ్ అని టేపు తిరిగే శబ్దం. రెండు నిమిషాలు, మూడు నిమిషాలు, అందరూ నా మొహం చూస్తున్నారు. సూపర్ వైజర్ నవ్వి, "ఏందయ్యా, మీ అమ్మ అలిగిందా?" అన్నాడు. ముప్పైమంది నవ్వారు. వాళ్ళముందు మా యాడి పాట ఎంత గొప్పదో చూపిద్దామనుకున్నవాణ్ణి, తల దించుకొని క్యాసెట్ తీసుకొని వచ్చేశాను.

పెట్టకు అంటే ఎవరైనా కోపంలో అన్న మాటని తెలుసుకుంటారు. నువ్వు సాకు దొరికిందని తీసిపారేశావు. ఏ పెద్దమనిషి చెప్పాడు నీకు? మా యాడి నోరు మూసే హక్కు నీకెవరిచ్చారు? దీనికి జవాబు రాసేదాకా నీ గడప తొక్కను.

లచ్చిరాం


కోదాడ,
22-4-1992

లచ్చిరాంకు,

నీ ప్రశ్నకు జవాబు రాయొద్దనే ఇన్నాళ్ళూ ఆగాను. నువ్వు రాయించుకుంటున్నావు.

మీ యాడి నోరు మూసింది నేను కాదు. రెండేళ్ళ కింద, దసరా అయిన వారానికి, ఎనిమిది నెలలుగా నువ్వు తండాకు రావడం లేదని ఆమె ఒక్కతే తండా నుంచి పాలకీడు దాకా నడిచి, బస్సెక్కి మీ మిల్లు దగ్గరికి వచ్చింది. నువ్వు గేటు దగ్గరికి రాగానే మెడ పట్టుకొని, మన పద్ధతి ప్రకారం పాడడం మొదలుపెట్టింది. మీ మిల్లువాళ్ళు చుట్టూ చేరారు. అద్దాల రవిక, ఆ లంగా, ఆ ఏడుపు చూసి ఎవరో నవ్వారట. నువ్వు ఆమె నోటి మీద చెయ్యి పెట్టి, "ఇది తండా కాదు, ఆపు" అన్నావు. ఆమె ఆపింది. మన దగ్గర ఆ పాటను మధ్యలో ఎవరైనా ఆపుతారా? అయిపోయేదాకా మెడ వంచి నిలబడాలి, తర్వాత నీళ్ళిచ్చి మొహం కడిగించాలి. నువ్వు నీళ్ళు కూడా ఇవ్వలేదు. వచ్చిన బస్సులోనే తిరిగి పోయింది. అప్పటినుంచి నీకు సెలవు దొరకడం లేదు.

ఈ సంగతి ఆమె మాకెవరికీ చెప్పలేదు. నువ్వూ చెప్పలేదు. సూర్యాపేటలో తారా మెడ పట్టుకున్నప్పుడు బయటపడింది. ఎదురుగా ఉన్నది కూతురు, పాడింది మాత్రం నీకు. "కొడుకా లచ్చిరాం, ఎనిమిది నెలల దుఃఖం కొంగున కట్టుకోని గేటుకాడికొస్తి. పది మంది ముందల నా నోరు మూస్తివి. నా పాట ఏం పాపం చేసెరా" అని. మన మాటలో పాడితే రాయి కూడా కరుగుతుంది. తెలుగులో రాయడం నాకు చేతకాదు.

అది క్యాసెట్లో వస్తే అన్ని తండాల్లో నీ పేరు మోగుతుంది. పెళ్ళి కావలసినవాడివి. అందుకే పొడుగు అని అబద్ధమాడాను. పాటలో ఏముందో తెలుసు, పెట్టకు అని నువ్వు రాస్తే, యాడి నీకు కబురు చేసిందనుకున్నాము, సిగ్గుపడి తియ్యమంటున్నావనుకున్నాము. నీ పరువు కోసం తీశాను. సిగ్గు నాకు అన్నావు చూడు, ఆ మాట తారాను ఏడిపించింది.

ఆ పాట ఒక్కటే వేరే క్యాసెట్లో ఎక్కించి దీనితో పంపుతున్నాను. నా గొంతు ఎక్కడా లేదు. ముందున్నది కొంత రాశాను, మిగతాది రాయను. చివరిదాకా నువ్వే విను. వచ్చే నెల రెండో విడత కాపీలు తీస్తున్నాము. ఉంచమంటావా, వద్దంటావా, నీ ఇష్టం.

ధర్మా


మిర్యాలగూడ,
6-5-1992

బావకు,

నన్ను క్షమించమని రాయడానికి మూడు కాగితాలు పాడుచేశాను. అక్కను కూడా అడుగుతున్నాను.

క్యాసెట్ వచ్చిన రోజు రూములో పెట్టుకున్నాను. ఉప్పలయ్య పక్కనే ఉన్నాడు. నా పేరు రాగానే అతను తలెత్తి, "మీ అమ్మ నిన్నే పిలుస్తుంది, ఏమంటుందిరా?" అని అడిగాడు. "పెళ్ళి పాట" అన్నాను. నా నోటికి అబద్ధం ఎంత తొందరగా వస్తుందో చూడు. గేటు దగ్గర మాట వచ్చేసరికి ఇక నావల్ల కాలేదు, మీట నొక్కి ఆపేశాను. విన్నది చాలనుకున్నాను.

మొన్న ఆదివారం తండాకు పోయాను. సెలవు అడిగితే సూపర్ వైజర్ మారుమాట లేకుండా ఇచ్చాడు. రెండేళ్ళుగా నేను అడగనే లేదని అతను అంటే అక్కడున్నవాళ్ళంతా విన్నారు.

యాడి ఇంటిముందు మిరపకాయలు ఎండబోస్తోంది. నన్ను చూసి, "వచ్చినవా. కాళ్ళు కడుక్కో, రొట్టె తిందువు" అంది. అంతే. నేను ఆమె ముందర మెడ వంచి నిలబడ్డాను బావా. ఇప్పుడు పట్టుకుంటుంది, ఇప్పుడు మొదలుపెడుతుంది అని. ఆమె నా పక్కనుంచి లోపలికి పోయి రొట్టె, కారం తెచ్చింది. రెండేళ్ళకు వచ్చిన కొడుకును ఏ తండాలో ఏ తల్లీ అట్లా ఉత్తగా లోపలికి రానివ్వదు. పక్కింటి సాలి అత్త కూడా తలుపు దగ్గర నిలబడి చూసి, ఏడుపు వినిపించక, మెల్లగా వెనక్కి పోయింది.

తిన్నాక సిగ్గు విడిచి అడిగాను. "యాడీ, పాడవా?"

"పాడిన గద సూర్యాపేటల. ఆ అర్రల నన్ను ఎవ్వలు ఆపలే. మీ బావ పంపలేదా?"

"పంపిండు. విన్న."

"అంత ఇన్నవా?"

"విన్న."

"ఆఖర్న ఏం పాడిన, చెప్పు."

ఆరువందల పాటలు నాకు నోటికి వచ్చు. ఏ పాటలో ఏ చరణం తర్వాత ఏ వాయిద్యం వస్తుందో నిద్రలో అడిగినా చెప్తాను. మా యాడి పాట చివర ఏముందో చెప్పలేకపోయాను. ఆమె నా మొహం చూసి, కోపం కూడా చెయ్యలేదు. "మల్ల ఆపినవా" అని, చేట తీసుకొని మిరపకాయల దగ్గరికి పోయింది. నాకు నా మీద ఎంత అసహ్యం వేసిందో ఎట్లా రాయను?

సాయంత్రం బస్సుకు తిరిగొచ్చి మొత్తం విన్నాను. ఉప్పలయ్యకు ఒక్కో మాటా తెలుగులో చెప్తూ విన్నాను. ఈసారి అబద్ధం చెప్పలేదు. ఆఖరి రెండు నిమిషాలు నీకు తెలుసు. "నీకు సిగ్గయితదని నాకెరుక లేకపాయె కొడుకా. చీర కట్టుకోని రావాల్సి ఉండె. నోరు మూసుకోని రావాల్సి ఉండె. తప్పు నాదే, నన్ను ఇడిసిపెట్టకు" అని ఉంది. తప్పు ఆమెదట. ఆమె నన్ను బతిమాలుతోంది.

బావా, రెండో విడతలో పాట పెట్టు. నా పేరు ఉండనీ, గేటు సంగతి ఉండనీ. ప్రతి తండాలో మైకు పెట్టి వినిపించినా నాకు అభ్యంతరం లేదు. పిల్లనివ్వకపోతే మానె. ఆ ఆఖరి రెండు నిమిషాలు మాత్రం తీసెయ్యి. నీ కాళ్ళు పట్టుకుంటాను. నన్ను తిడితే లోకం వినొచ్చు గానీ, మా యాడి నన్ను క్షమాపణ అడగడం ఎవరూ వినకూడదు.

9-5-1992

ఉత్తరం అంటించి కూడా పోస్టు చెయ్యలేదు. మూడు రోజులు జేబులో పెట్టుకొని తిరిగాను. ఇవాళ పోస్టు డబ్బా దాకా పోయి, కవరు చింపి, దీని కిందే ఈ నాలుగు ముక్కలు రాస్తున్నాను.

తియ్యమన్నది తియ్యకు. ఆమె పాడింది, అది ఆమెది. మళ్ళీ ఆదివారం పోతున్నాను, మొత్తం విన్నానని చెప్తాను. అంతకంటే చెప్పడానికి నా దగ్గర ఏమీ లేదు.

నీ బామ్మర్ది,
లచ్చిరాం